నాలుగేళ్ళు ఆడి ఆగిపోయిన ఊరి జట్టు: దాని చరిత్రను రాసే పద్ధతి

గోదావరి డెల్టాలో కాస్త పెద్ద ఊరు ఏది తీసుకున్నా, ఒకప్పుడు అక్కడ పేరు మోసిన వాలీబాల్ జట్టో, కబడ్డీ జట్టో, బాల్‌బ్యాడ్మింటన్ జట్టో ఉండేదని, మూడు నాలుగేళ్ళపాటు చుట్టుపక్కల షీల్డులన్నీ తెచ్చి ఆ తరువాత ఉన్నట్టుండి ఆగిపోయిందని పెద్దవాళ్ళు చెబుతారు. అది ఏ సంవత్సరంలో మొదలైందో, ఎందుకు ఆగిందో అడిగితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. అటువంటి జట్టు చరిత్రను ఆధారాలతో రాయదలచినవారి కోసం ఈ వ్యాసం. ఇందులోని పద్ధతిలో కొంత భాగం అమెరికాలోని చిన్న పట్టణాల బేస్‌బాల్ జట్ల చరిత్రకారుల నుంచి తీసుకున్నది. తక్కినదంతా మన రేవులు, పంటలు, వరదలు, కచేరీ (ప్రభుత్వ కార్యాలయాల) కాగితాలు నేర్పేదే.

బేస్‌బాల్ జట్ల ప్రస్తావన ఎందుకో ముందు చెప్పాలి. అమెరికాలో మేజర్ లీగుల కింద మెట్లుమెట్లుగా మైనర్ లీగులు ఉంటాయి. ఈ చిన్న లీగులు 1901లో చికాగోలో ఒక జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వాటికి ఎన్నడూ లేనంత ఆదరణ వచ్చి, 1949 నాటికి లీగులు 59కి, జట్లు నాలుగు వందల పైచిలుకుకు చేరాయి. మన పాలకొల్లు కంటే చిన్న ఊళ్ళకు సైతం జీతం తీసుకునే ఆటగాళ్ళతో సొంత జట్టు ఉండేది. ఆ తరువాత టెలివిజన్ ఇంట్లోకే పెద్ద లీగు ఆటను తెచ్చింది, కొరియా యుద్ధం కుర్రాళ్ళను సైన్యంలోకి తీసుకుపోయింది, టిక్కెట్లు కొనేవారు తగ్గారు. 1960ల ఆరంభానికి లీగుల సంఖ్య ఇరవైకి అటూ ఇటూగా మిగిలింది, 1963లో అడుగు మెట్లయిన బి, సి, డి తరగతులనే ఎత్తివేశారు. 2021లో మళ్ళీ ఇటువంటి కోతే పడి, మేజర్ లీగు క్లబ్బుల అనుబంధ జట్లు 120కి తగ్గగా, దాదాపు నలభై జట్లు ఆ అనుబంధాన్ని కోల్పోయాయి.

కాన్సాస్, ఓక్లహామా, మిస్సోరి రాష్ట్రాలలోని చిన్న పట్టణాలు కలిసి 1946లో ఒక డి తరగతి లీగు పెట్టుకున్నాయి. అది 1952తో ముగిసింది, అంటే ఆ లీగు మొత్తం ఆయుష్షు ఏడు సీజన్లు. అయినా ఆ పట్టణాలలో ఏ రోజు ఎవరు ఆడారో, ఎవరు ఎన్ని పరుగులు చేశారో ఈనాటికీ చెప్పవచ్చు. జట్ల సొంత కాగితాలు భద్రంగా ఉండడం అందుకు కారణం అనుకోకూడదు, వాటిలో చాలామటుకు పోయాయి. ప్రతి ఆట వివరాల పట్టికనూ ఆడిన రెండు పట్టణాల పత్రికలూ అచ్చు వేసేవి, ఆటగాళ్ళ ఒప్పందాలు జాతీయ సంఘంలో నమోదయ్యేవి, లీగు గణాంకాలను వేరే సంస్థలు లెక్కకట్టేవి. 1971లో కూపర్స్‌టౌన్‌లో ఏర్పడిన అమెరికా బేస్‌బాల్ పరిశోధక సంఘం సభ్యులు, చాలావరకు జీతం లేకుండా, ఈ చెల్లాచెదురు కాగితాలను కూర్చి జట్టు వెంట జట్టు చరిత్ర తయారు చేశారు. వాళ్ళ పని నుంచి మనం తీసుకోవలసిన సూత్రం ఒక్కటే: కొద్దికాలం ఆడిన జట్టు చరిత్ర దాని సొంత బీరువాలో దొరకదు, ఇతరుల కాగితాలలో దొరుకుతుంది. ఓడిపోయిన ప్రత్యర్థి, పోటీ నడిపిన కమిటీ, కరపత్రం అచ్చువేసిన ప్రెస్సు, ఆట ఆడించిన రిఫరీ, స్థలం ఇచ్చిన ఆసామి, చందా రాసిన వర్తకుడు, వీరి దగ్గర వెతకాలి.

మొదటి పని: పోటీల పట్టిక

మన దగ్గర అమెరికాలోలాగ లీగు లేదు కాబట్టి, ఆ స్థానంలో ఆహ్వాన పోటీలను పెట్టుకోవాలి. సంక్రాంతికి ఒక ఊళ్ళో, అమ్మవారి జాతరకు మరో ఊళ్ళో, గణతంత్ర దినోత్సవానికి ఇంకో చోట, ఎవరో పెద్దాయన జ్ఞాపకార్థం వేసవిలో మరొక చోట పోటీలు జరుగుతాయి. జట్టు ఊరికి ముప్పై నలభై కిలోమీటర్ల లోపల ఏటా పోటీలు జరిగిన ఊళ్ళన్నిటినీ ఒక పెద్ద పుస్తకంలోగాని కంప్యూటర్‌లోగాని నెలల వారీగా రాసుకోవాలి. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా ఊళ్ళు వేసి, ప్రతి గడిలోనూ తేదీ, ప్రత్యర్థి, స్కోరు, ఎవరు చెప్పారు లేక ఏ కాగితంలో ఉంది అనే నాలుగు సంగతులకు చోటు ఉంచాలి. ఆధారం రాయని గడి ఆరు నెలల తరువాత ఖాళీ గడితో సమానం, ఎందుకంటే ఆ మాట ఎక్కడ విన్నామో మనకే గుర్తుండదు.

ఈ పట్టికలో పోటీ జరిగే నెలకు చాలా ప్రాధాన్యం ఉంది. డెల్టాలో ఆటల కాలాన్ని పంట నిర్ణయిస్తుంది. సార్వా (తొలకరి వరి) కోతలు, నూర్పులు అయ్యి చేతిలో నాలుగు డబ్బులు ఆడే సంక్రాంతి రోజులలో పోటీలు జోరుగా ఉంటాయి. దాళ్వా (రెండో వరి పంట) కోతల తరువాత కాలువలు కట్టేసిన వేసవిలో మరికొన్ని ఉంటాయి. ఊడ్పుల రోజులలో పెద్ద పోటీ జరిగిందని ఎవరైనా చెబితే అనుమానించి మరొకరిని అడగాలి. కళాశాల మైదానాలలో జరిగే పోటీలకు ఈ సూత్రం వర్తించదు, అక్కడ పరీక్షల క్యాలెండర్ చూసుకోవాలి.

కాగితం మీది గుర్తులతో సంవత్సరం పట్టుకోవడం

చేతికి వచ్చే కరపత్రాలు, ఆహ్వాన పత్రాలు, ప్రశంసా పత్రాలలో చాలావాటి మీద తేదీ, నెల ఉంటాయి గాని సంవత్సరం ఉండదు. అచ్చు వేయించిన వారికి ఆ ఏడాదికి మాత్రమే పనికివచ్చే కాగితం కదా, సంవత్సరం ఎందుకు వేయిస్తారు? అయితే కాలాన్ని బయటపెట్టే గుర్తులు వేరే ఉంటాయి. చిరునామాలో తాలూకా, పంచాయతీ సమితి అని ఉంటే, మండలాలు ఏర్పడిన 1985కు ముందుదని మొదటి అంచనాకు రావచ్చు. మండలం అని ఉంటే ఆ తరువాతిదేనని నిశ్చయంగా చెప్పవచ్చు. పాత లెటర్‌హెడ్లను పారేయకుండా కొన్నేళ్ళు వాడేవారు కాబట్టి మొదటి సందర్భంలో కొంత సడలింపు ఉంచుకోవాలి. ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, కాబట్టి అది కనిపించిన కాగితం అంతకు ముందుది కాజాలదు. రాజమండ్రిని అధికారికంగా రాజమహేంద్రవరంగా మార్చినది 2015లో, కాని సాహిత్య రుచి ఉన్నవారు ఆ పేరును అంతకు ముందునుంచీ వాడుతూనే ఉన్నారు గనుక ఈ గుర్తును గట్టిగా నమ్మరాదు.

జిల్లా పేరు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు అమలాపురం కేంద్రంగా కోనసీమ, కాకినాడ కేంద్రంగా మరో జిల్లా ఏర్పడి, తూర్పు గోదావరి అనే పేరు రాజమహేంద్రవరం కేంద్రమైన భాగానికి మిగిలింది. అలాగే ఏలూరు వేరే జిల్లా అయి, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. పాత కాగితంలో తూర్పు గోదావరి జిల్లా ఛాంపియన్ అని ఉంటే అది కాకినాడ, అమలాపురం, రాజమండ్రి అన్నీ కలిసిన జిల్లా ఛాంపియన్ అని పాఠకులకు విడమరచి చెప్పాలి. లేకపోతే జట్టు సాధించినది సగానికి సగం తగ్గి కనిపిస్తుంది. వెతుకులాటకు కూడా ఇది పనికివచ్చే సంగతే: అమలాపురం జట్టు పాత జిల్లాస్థాయి కాగితాలు ఉంటే గింటే కాకినాడ వైపు ఉంటాయి, భీమవరం జట్టువి ఏలూరు వైపు ఉంటాయి.

వాలీబాల్ జట్లవారికి స్కోరే పంచాంగం. సర్వీసు చేతిలో ఉన్న జట్టుకే పాయింటు వచ్చే పాత పద్ధతిలో సెట్టు 15 పాయింట్లకు ముగిసేది. ప్రతి ర్యాలీకి పాయింటు ఇచ్చి సెట్టును 25కు పెంచే నిర్ణయం అంతర్జాతీయ సమాఖ్య 1998లో తీసుకోగా, 2000 నాటికి అది తప్పనిసరి అయింది. పాత రశీదు వెనుక పెన్సిల్‌తో 15-11, 12-15, 15-9 అని రాసి ఉంటే అది దాదాపుగా ఆ మార్పుకు ముందు ఆట. 25-21 అని ఉంటే తరువాతిది. పల్లెటూరి పోటీలకు కొత్త నిబంధన ఏడాది రెండేళ్ళు ఆలస్యంగా చేరి ఉండవచ్చు గనుక సరిహద్దు సంవత్సరాలలో ఆ తేడాకు చోటు ఉంచాలి. ఐదో సెట్టు మాత్రం కొత్త పద్ధతిలోనూ 15కే ముగుస్తుంది కాబట్టి, ఒకే ఒక్క సెట్టు స్కోరు చూసి నిర్ణయానికి రాకూడదు. రంగు వేరైన బనియన్‌తో లిబరో (వెనుక వరుసలో రక్షణకే ఆడే ఆటగాడు) ఉన్న ఫోటో కూడా 1990ల చివరికి ముందుది అయ్యే అవకాశం లేదు.

కరపత్రం అడుగున చిన్న అక్షరాలతో ప్రెస్సు పేరు ఉంటుంది. అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రించినవారి పేరు, ఊరు ఉండాలని 1867 నాటి ముద్రణాలయాల చట్టం నియమం పెట్టడమే దానికి కారణం. ఆ ప్రెస్సు ఇప్పుడు మూతపడినా యజమాని కుటుంబం ఊళ్ళోనే ఉండవచ్చు. పాత ప్రెస్సులలో మాదిరి కోసం ఒక్కొక్క ప్రతి దాచే అలవాటు కొందరికి ఉండేది. క్రీడా సంఘం ఇంట్లో ఒక్క కాగితం దొరకని చోట, పెళ్ళి శుభలేఖల మాదిరుల మధ్య పదేళ్ళ కరపత్రాలు బయటపడవచ్చు. అడిగి చూడడానికి ఖర్చేమీ లేదు.

పత్రికలను చదివే క్రమం

తెలుగు దినపత్రికలలో ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి 1914లో దినపత్రికగా మొదలై 1991 వరకు నడిచింది. ఆంధ్రప్రభ 1938లో, ఈనాడు 1974లో ఆరంభమయ్యాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక చిన్న ఊరి ఆటకు అచ్చులో చోటు ఒక్కసారిగా పెరిగింది. అందుచేత 1989కు ముందు ఆడిన జట్టుకూ, తరువాత ఆడిన జట్టుకూ పత్రికల ఆధారాలు ఒకే కొలతలో దొరకవు. ముందటి జట్టు గురించి వార్త లేదంటే అది ఆడలేదని కాదు, రెండు పంక్తుల చోటు కూడా దక్కలేదని మాత్రమే అర్థం చేసుకోవాలి. ఈ తేడా తెలియకనే చాలా స్థానిక చరిత్రలు 1990ల జట్లను ఆకాశానికి ఎత్తి, 1960ల జట్లను ఒక్క వాక్యంతో సరిపెడతాయి.

పాత సంచికల కోసం రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయాన్ని, డెల్టాకు దూరమైనా వేటపాలెంలోని సారస్వత నికేతనాన్ని చూడవచ్చు. పాత తెలుగు పత్రికలను కొన్నిటిని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది కూడా. సంపుటాలను మొదటి పేజీ నుంచి తిరగవేస్తూ కూర్చుంటే జీవితకాలం చాలదు. పోటీల పట్టికను ముందు పెట్టుకుని, ఫైనల్ జరిగిన తేదీ నుంచి వారం రోజుల సంచికలు మాత్రమే చూడాలి. విలేకరి వార్త కవరులో బస్సెక్కి, అచ్చయ్యి, తిరిగి ఊరు చేరేసరికి మూడు నాలుగు రోజులు గడిచే కాలం అది. సొంత ఊరి డేట్‌లైన్‌తోపాటు (వార్త మొదట్లో వేసే ఊరిపేరు) పోటీ జరిగిన ఊరి డేట్‌లైన్ కింద కూడా చూడాలి. జట్టు పేరును విలేకరి తనకు తోచినట్టు రాసేవాడు: ఒకసారి యువజన సంఘం, ఒకసారి ఫ్రెండ్స్ క్లబ్, మరొకసారి ఉత్త ఊరిపేరు. అమెరికాలోనూ చిన్న జట్లకు మారుపేర్లు ఏటేటా మారేవి, కొన్నిటికి పేరు పెట్టినది పత్రికలవాళ్ళే. పేరు మారినంత మాత్రాన జట్టు మారిందనుకోకుండా, ఆటగాళ్ళ పేర్లు సరిపోల్చుకుని నిర్ణయించుకోవాలి.

కచేరీలలో దొరికేవి

సంఘాన్ని రిజిస్టరు చేయించి ఉంటే అదృష్టమే. మన ప్రాంతంలో 2001లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం వచ్చేదాకా 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే అమలులో ఉండేది. ఆ పాత చట్టం ప్రకారం పాలకవర్గ సభ్యుల జాబితాను ఏటా దాఖలు చేయాలి, నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా ఆ పత్రాలను చూడవచ్చు. ఆ ఏటేటా జాబితాలే జట్టు ఆరోగ్యాన్ని చెబుతాయి: కార్యదర్శి పేరు ఏటా మారుతుంటే లోపల తగాదా ఉందని, జాబితా దాఖలు ఆగిన ఏడు జట్టు ఊపిరి సన్నగిల్లిందని ఊహించి, ఆ ఊహను మనుషులను అడిగి సరిచూసుకోవాలి. మున్సిపాలిటీ మైదానంలో ఆడిన జట్టయితే మైదానం వాడుకకు ఇచ్చిన అనుమతుల కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. ముప్పై రోజులలో జవాబు రావాలి. తేదీ, తీర్మానం వంటి వివరం ఏదీ ఇవ్వకుండా మా జట్టు కాగితాలన్నీ కావాలని రాస్తే, రికార్డు లభ్యం కాలేదన్న ఒక్క ముక్కతో దరఖాస్తు తిరిగి వస్తుంది.

మనుషులను అడగడం

ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వవలసినది దీనికే. వరుస కూడా ముఖ్యం. సొంత జట్టు కెప్టెన్ దగ్గరకు అందరికంటే చివర వెళ్ళాలి. మొదట ఓడిపోయిన జట్టువారి దగ్గరకు, తరువాత రిఫరీలు, స్కోరర్ల దగ్గరకు, ఆ తరువాత బడిలో ఆట నేర్పిన డ్రిల్లు మాస్టారి దగ్గరకు వెళ్ళాలి. గెలిచినవాడికి గెలుపు ఒక్కటే గుర్తుంటుంది, ఓడినవాడికి ఏ బంతి దగ్గర ఆట చేజారిందో, ఆ రోజు గాలి ఎటు వీచిందో కూడా గుర్తుంటుంది. రిఫరీ ఇద్దరికీ చెందనివాడు కాబట్టి అతని మాటకు విలువ ఎక్కువ. పైగా జిల్లా సంఘం ఇచ్చిన పాత డ్యూటీ కాగితాలు దాచుకునే అలవాటు రిఫరీలకు ఉంటుంది.

ఏ సంవత్సరమని సూటిగా అడగరాదు. అడిగితే మర్యాద కోసం ఏదో ఒక అంకె చెబుతారు, అది పుస్తకంలోకి ఎక్కి నిజమైపోతుంది. జ్ఞాపకానికి కొక్కేలు ఉండే ప్రశ్నలు వేయాలి. "మాస్టారూ, ఆ ఫైనల్ నాటికి మీకు ఉద్యోగం వచ్చిందాండీ?" "పెద్ద వరదకు ముందాండీ, తరువాతాండీ?" "అప్పటికి మీ పెద్దబ్బాయి పుట్టాడాండీ?" డెల్టాలో కాలాన్ని కొలవడానికి కొన్ని గట్టి రాళ్ళు ఉన్నాయి. 1986 ఆగస్టు వరద వాటిలో పెద్దది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు ప్రవాహం నమోదైన ఆ రోజులను చూసినవారెవరూ మరచిపోరు. కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చిన 1996 నవంబరు తుపాను మరొకటి. ఇంకా పెద్దవారికి 1953 వరద ఉంటుంది. ఆటగాడి పదో తరగతి సర్టిఫికెట్ మీది సంవత్సరం అన్నిటికంటే కచ్చితమైనది, ఎందుకంటే తాను ఏ తరగతిలో ఉండగా జట్టులోకి వచ్చాడో ప్రతి ఆటగాడూ చెప్పగలడు.

రికార్డులన్నీ వరదలో పోయాయని చాలాచోట్ల వినబడుతుంది. నిజమే కావచ్చు. అయితే ఆ ఏడు ఆ వీధిలోకి నీరు వచ్చిందో లేదో పక్కింటివారిని అడిగి తెలుసుకోవాలి. లెక్కలు చూపించడం ఇష్టం లేని కోశాధికారికి వరద మంచి సాకు.

ఫోటో తీసుకువెళ్ళి చేతిలో పెట్టి మాట్లాడించడం మేలు. షీల్డు మధ్యలో పెట్టి, ముందు వరుస కూర్చుని, వెనుక వరుస నిలబడి స్టూడియోలో తీయించుకున్న గ్రూపు ఫోటో దాదాపు ప్రతి జట్టుకూ ఉంటుంది. ఎడమ నుంచి కుడికి పేర్లు రాయించుకోవాలి, ఇద్దరి చేత వేరువేరుగా రాయించి పోల్చుకోవాలి. ఫోటో వెనుక స్టూడియో ముద్ర ఉందేమో చూడాలి. చివరన కూర్చున్న తెల్లచొక్కా ఆయన ఆటగాడు కాడని తేలితే, ఆయనే డబ్బు పెట్టిన మనిషి అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఆడపిల్లల జట్ల విషయంలో ఒక చిక్కు ఉంది. బడి రిజిస్టరులోను, ప్రశంసా పత్రంలోను పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. పెళ్ళి తరువాత ఇంటిపేరు, ఊరు రెండూ మారతాయి. అందుచేత క్రీడాకారిణులను పాత పేరుతో వెతికితే దొరకరు, వారి అన్నదమ్ముల ఇళ్ళకు వెళ్ళి అడగాలి. చాలా ఆడపిల్లల జట్లు రెండు మూడేళ్ళకే ఆగిపోవడానికి పెళ్ళిళ్ళే కారణమని అందరూ తేలికగా అనేస్తారు. ఆటకు తీసుకువెళ్ళే వ్యాయామ ఉపాధ్యాయురాలికి బదిలీ కావడం, రాత్రి తిరిగి రావడానికి బస్సు లేకపోవడం వంటి కారణాలు దాని వెనుక దాగి ఉంటాయేమో అడిగితేనే బయటికి వస్తాయి.

రేవు దాటి ఆడిన జట్లు

ప్రత్యర్థులు ఎవరో తేల్చడానికి దూరం కొలిచే పటం చాలదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న ఊళ్ళకు కిలోమీటర్ల కంటే రేవు ముఖ్యం. సఖినేటిపల్లి నుంచి చూస్తే నర్సాపురం ఎదుటి గట్టే, కాని మధ్యలో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఉంది. కోటిపల్లి, ముక్తేశ్వరం సంగతీ అంతే. ఎదుర్లంక, యానాం మధ్య వంతెన 2002లో వచ్చింది. అంతకు ముందు ఆడిన జట్టు చరిత్రలో, ఆ గట్టు మీది ఊరితో ఆడిన ఆటలను ఈ గట్టు మీది ఆటలతో సమానంగా లెక్కవేయకూడదు. చివరి పంటు ఎన్నింటికి, ఆట పొద్దుపోయేదాకా సాగితే ఎక్కడ పడుకునేవారు, అన్నం ఎవరు పెట్టేవారు అని అడగాలి. ఆతిథ్యం ఇచ్చిన ఇంటివారి దగ్గర ఆటగాళ్ళ దగ్గర లేని ఫోటోలు ఉండవచ్చు.

దీపాల సంగతి కూడా ఇక్కడే అడగాలి. కాన్సాస్‌లోని ఇండిపెండెన్స్ పట్టణంలో 1930 ఏప్రిల్ 28న స్థిరమైన దీపాల కింద మైనర్ లీగు ఆట ఆడించారు. ఆర్థిక మాంద్యపు రోజులలో పగలు పని మానుకుని ఆటకు రాలేని జనాన్ని రాత్రి రప్పించడానికి చిన్న జట్లు ఆ దారి పట్టాయి. పెద్ద లీగు దీపాలు పెట్టుకున్నది ఆ తరువాత 1935లో. మన దగ్గరా రాత్రి ఆటలు మొదలైన ఏడాది నుంచి జనం, చందాలు, ఖర్చు మూడూ మారి ఉంటాయి. కరెంటు ఎవరి మీటరు నుంచి తీశారు, స్తంభాలు ఎవరు పాతారు, జనరేటరు అద్దె ఎవరు కట్టారు అనే ప్రశ్నలకు వచ్చే జవాబులే జట్టును నడిపిన అసలు మనుషులను చూపిస్తాయి.

డబ్బు, ముగింపు

చరిత్రలో కష్టమైన అధ్యాయం ముగింపు. జట్టు పుట్టుకకు కరపత్రం ఉంటుంది, చావుకు ఉండదు. మైనర్ లీగు జట్టు ఆగినప్పుడు కూడా కొన్నిసార్లు సీజను మధ్యలోనే ఆగేది, లేదా జట్టు ఉన్నపళంగా మరో పట్టణానికి తరలిపోయేది. అప్పుడు గెలుపు ఓటములను ఏ ఊరి పద్దులో రాయాలన్నది చరిత్రకారులకు ఈనాటికీ తలనొప్పే. ఆ జట్లకు టిక్కెట్ల రాబడి, మాతృ క్లబ్బు పంపే ఆటగాళ్ళు అనే రెండు కాళ్ళు ఉండేవి, ఒకటి విరిగితే జట్టు కూలేది. మన ఊరి జట్లకు సాధారణంగా టిక్కెట్టు లేదు. రైసుమిల్లు యజమాని, ధాన్యం కమీషను వర్తకుడు, అంబాజీపేట వంటి చోట కొబ్బరి వర్తకుడు, ఎన్నికలకు సిద్ధమవుతున్న పెద్దమనిషి, వీరిలో ఒకరిద్దరే జట్టును మోసి ఉంటారు.

అందుచేత ఒక్క ఏడాదికైనా జమాఖర్చు తిరిగి కట్టాలి. రశీదు పుస్తకం ప్రతులు దొరికితే సరే, దొరక్కపోతే అప్పటి ఆటగాళ్ళను కూర్చోబెట్టి, బనియన్లు ఎవరు కొన్నారు, బంతి ధర ఎంత, బస్సు టిక్కెట్టు ఎంత, పోటీకి ప్రవేశ రుసుము ఎంత, గెలిచిన నగదు ఎవరు తీసుకున్నారు అని ఒక్కొక్కటే అడగాలి. గెలిచిన నగదు దగ్గర గొంతులు మారతాయి. అక్కడే ఆగి, రికార్డరు కట్టేసి వినాలి. తరువాత వారి అనుమతి ఉంటేనే రాయాలి.

ఆగిపోవడానికి కారణం అడిగితే ముందు వచ్చే జవాబు "పాలిటిక్సండీ" అని. దానితో తృప్తిపడకుండా మూడు సంగతులు విడిగా పరిశీలించాలి. ఒకటి, ఉద్యోగాలు. క్రీడా కోటాలో రైల్వే, పోలీసు, విద్యుత్ బోర్డు, బ్యాంకులు మంచి ఆటగాళ్ళను తీసుకుంటూ వచ్చాయి. దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడింది. జట్టులో ఇద్దరు ముగ్గురు ఒకే ఏడు ఉద్యోగాలలో చేరి ఉంటే, ఓటమి కంటే ముందే జట్టు ముగిసినట్టు. ఇది అపజయం అనిపించుకోదు. నలుగురు కుర్రాళ్ళకు జీతం వచ్చే ఉద్యోగం ఇప్పించిన జట్టు తన పని తాను చేసినట్టేనని నా అభిప్రాయం. రెండోది, దాత ఇంటి పరిస్థితి: మిల్లు మూతపడడం, పంపకాలు జరగడం, పెద్దాయన పోవడం. మూడోది మైదానం. 1990ల నుంచి భీమవరం పరిసరాలలో పొలాలు చేపల, రొయ్యల చెరువులుగా మారాయి. పట్టణాలలో ఖాళీ స్థలాలు కల్యాణ మండపాలు, దుకాణాలు అయ్యాయి. ఆడిన స్థలం సర్వే నంబరు తెలుసుకుని, రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తే అది ఎప్పుడు చేతులు మారిందో తేదీతో సహా తెలుస్తుంది. పొలమైతే అడంగల్ (పొలం, సాగు వివరాల రెవెన్యూ రికార్డు) చూడాలి. మనుషులు చెప్పే చివరి ఆట తేదీకీ, ఈసీలోని తేదీకీ మధ్య ఏడాది కంటే తక్కువ ఎడం ఉంటే, రాజకీయం అన్న మాటను పక్కన పెట్టి ఆ దారిన విచారించాలి.

తగాదాలు, కులాల పట్టింపులు, పేటల మధ్య పంతాలు తప్పక బయటికి వస్తాయి. వాటిని పూర్తిగా వదిలేస్తే చరిత్ర అబద్ధమవుతుంది, పేర్లతో సహా రాస్తే బతికి ఉన్నవారికి నొప్పి కలుగుతుంది. జట్టు రెండు పేటలుగా చీలిందని, దాని తరువాత ఫలానా పోటీకి రెండు జట్లు వెళ్ళాయని రాయాలి. ఎవరు ఎవరిని ఏమన్నారో రాయనవసరం లేదు.

ఒక్కడి నీడ పడకుండా

ఇండిపెండెన్స్ జట్టులో 1949లో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య కాపుకాసే) స్థానంలో ఆడిన పదిహేడేళ్ళ కుర్రాడు మికీ మాంటిల్. ఆ ఏడు అతని బ్యాటింగ్ సగటు, అంటే బ్యాటింగ్ అవకాశాలలో హిట్ల వంతు, .313. తరువాత న్యూయార్క్ యాంకీస్‌లో చేరి అమెరికా అంతటికీ తెలిసినవాడయ్యాడు. ఇప్పుడు ఆ పట్టణపు జట్టు అనగానే అతని పేరే వస్తుంది. అతనితో ఆడి, పై మెట్టు ఎక్కలేక, మళ్ళీ పొలానికో ఫ్యాక్టరీకో తిరిగి వెళ్ళిన వారి పేర్లు పరిశోధకులు పట్టుబట్టి వెతికితే తప్ప తెలియలేదు. మనకూ ఇది ఎదురవుతుంది. అమలాపురం నుంచి వచ్చి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ స్థాయికి చేరిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి వంటి పేరు ఒకటి దగ్గరలో ఉంటే, ప్రతి క్రీడా సంఘమూ తన కథను ఆ పేరుకు ముడిపెట్టాలని చూస్తుంది. జట్టులో ఒకరు రాష్ట్రానికి ఆడి ఉంటే వారికి ఒక పుట ఇచ్చి, తక్కిన పుటలలో బెంచీ మీద కూర్చున్నవారిని కూడా పేరుతో, ఊరితో, ఆడిన సంవత్సరాలతో నమోదు చేయాలి. వారి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా మాత్రం అచ్చువేయకూడదు.

రాయడం, దాచడం

రాతలో సంవత్సరాల వారీ క్రమమే మంచిది. ప్రతి అధ్యాయానికీ ముందు ఆ ఏటి పోటీల పట్టిక వేసి, కింద కథ చెప్పాలి. ఇద్దరు రెండు రకాలుగా చెప్పిన చోట రెండూ ఇచ్చి, కాగితపు ఆధారం ఎటు మొగ్గుతోందో చెప్పి వదిలేయాలి. ఎంత వెతికినా నిండని గడులను ఖాళీగానే అచ్చువేయాలి. వాటిని అందమైన వాక్యాలతో కప్పిపుచ్చితే, తరువాత ఎవరి దగ్గరైనా ఆ స్కోరు కాగితం బయటపడినప్పుడు దాన్ని ఎక్కడ చేర్చాలో తెలియదు.

అచ్చుకు ముందు చిత్తుప్రతిని సొంత ఊరివారికి కాక, ఎక్కువసార్లు ఎదురు ఆడిన ఊరివారికి ముందు చదివించాలి. వారు చేసే దిద్దుబాట్లు పదునుగా ఉంటాయి. పుస్తకం వచ్చాక ఒక ప్రతి ఊరి శాఖా గ్రంథాలయానికి, ఒకటి గౌతమీ గ్రంథాలయానికి, ఒకటి ఆడిన బడికి ఇవ్వాలి. ఫోటోల స్కాన్లను, మాటల రికార్డింగులను రెండు వేరువేరు ఊళ్ళలో, వీలైతే నదికి ఇటొకటి అటొకటి ఉంచడం మంచిది. అసలు ఫోటోలను మాత్రం ఎవరి దగ్గర తీసుకున్నామో వారికే, రశీదు రాసి, తిరిగి ఇచ్చేయాలి.